బండికి పీట కాలు

మా బండికి పదకొండేళ్లు. పేరు చెప్పను గానీ, అలాంటిది మీ ఇంట్లో ఒకటి ఉండే ఉంటుంది, లేకపోతే మీ ఎదురింట్లో ఉంటుంది. వంద సీసీకి కాస్త తక్కువ ఇంజను, 18 అంగుళాల చక్రాలు, ఎప్పుడు పోయించానో గుర్తులేనంత పొదుపుగా తాగే పెట్రోలు. ఇంటి నుంచి ఆఫీసుకు, ఆఫీసు నుంచి రైతు బజారుకు, అక్కడి నుంచి మళ్లీ ఇంటికి గానుగెద్దులా తిరుగుతూ ఒక్కనాడూ పేచీ పెట్టి ఎరుగదు. అంతటి సాధుజీవిని కొండమేకగా మార్చాలన్న దుర్బుద్ధి నాకు పుట్టడానికి కారణం మా ఆఫీసు కుర్రాడు.

విశాఖపట్నంలో ఉండేవాళ్లకు చలికాలం వస్తే ఒక జబ్బు పట్టుకుంటుంది. శనివారం రాత్రి నిద్రపోరు. అర్ధరాత్రి దాటాక బయలుదేరి పాడేరు వైపు పోతారు, తెల్లవారేసరికి వంజంగి కొండ మీద నిలబడి కింద మబ్బుల్ని చూస్తారు, సోమవారం ఆఫీసులో ఆవులిస్తూ ఆ ఫొటోలు మనకు చూపిస్తారు. మా కుర్రాడూ అంతే. వాడికి ఒంటెంత ఎత్తున్న బండి ఉంది. "నేనూ వస్తానోయ్" అన్నాను ఒక సోమవారం. వాడు కిటికీలోంచి కింద నిలబడి ఉన్న నా బండిని చూసి, "మీ బండితో కుదరదు సార్. గ్రౌండ్ క్లియరెన్స్ చాలదు" అన్నాడు.

గ్రౌండ్ క్లియరెన్స్ అంటే బండి పొట్టకూ నేలకూ మధ్య ఉండే ఖాళీ అట. నాకూ పొట్ట ఉంది కాబట్టి సమస్య వెంటనే అర్థమయింది. ఆ "కుదరదు" మాత్రం గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

ఆ సాయంత్రమే మెకానిక్ దగ్గరికి వెళ్లాను. అతను బండి చుట్టూ మూడు ప్రదక్షిణలు చేసి, సీటు మీద చెయ్యి వేసి, "చేద్దాం సార్" అన్నాడు. వడ్రంగి గానీ దర్జీ గానీ మెకానిక్ గానీ వివరాలేమీ అడగకుండా "చేద్దాం" అన్నారంటే, అక్కడి నుంచి పరుగెత్తాలి. ఈ సంగతి నాకు ఇప్పుడు తెలుసు.

ముందు టైర్లు పోయాయి. వాటి స్థానంలో బటన్ టైర్లు వచ్చాయి. రబ్బరు గుబ్బలు గుబ్బలుగా ఉంటుంది, మట్టిని గోళ్లతో పట్టుకున్నట్టు పట్టుకుంటుంది. మట్టి మీద అది నిజమే. తారు రోడ్డు మీద మాత్రం నేలకు ఆనేది ఆ గుబ్బల నెత్తులే కాబట్టి పట్టు తక్కువ, మోత ఎక్కువ. తేనెపట్టును వెనకాల కట్టుకుని పోతున్నట్టు ఉంటుంది. తరువాత ముందు స్ప్రాకెట్, అంటే గొలుసును తిప్పే పళ్ల చక్రం. పద్నాలుగు పళ్లది తీసి పదమూడు పళ్లది వేశాడు. ఒక పన్ను పీకితే బండికి కొండెక్కే లాగుడు పెరుగుతుందట. పెరిగింది కూడా. కాకపోతే వేగం పడిపోయింది. యాభై దాటితే ఇంజను పురిటినొప్పులు పడుతున్నట్టు అరిచేది. షేర్ ఆటోలు నన్ను దాటిపోతూ జాలిగా హారన్ కొట్టేవి.

సైలెన్సర్ కూడా మార్చి పైకి లేపుదామన్నాడు. వద్దన్నాను. మోత సైలెన్సర్లను పోలీసులు రోడ్డు రోలరు కింద పెట్టి తొక్కించడం వార్తల్లో చూశాను. ఆ వరుసలో నాదీ ఉండటం, అది మా వియ్యాలవారు టీవీలో చూడటం ఎందుకు?

ముందు మడ్గార్డును జానెడు పైకి లేపాడు, వెనకది సగానికి కోశాడు. ఇక మిగిలింది సారీ గార్డు.

వెనక కూర్చున్నవాళ్ల చీరకొంగు చక్రంలో పడకుండా ఎడమ పక్కన ఉండే ఇనుప జాలీ అది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వది దాని గురించే. వెనక చక్రాన్ని కనీసం సగమైనా కప్పే రక్షణ ఉండాలని చెబుతుంది. ఆ సంగతి మెకానిక్‌కు తెలియదు. నాకూ అప్పటికి తెలియదు. దాన్ని విప్పి, కాగితంలో చుట్టి, "ఇంట్లో పెట్టుకోండి సార్" అని చేతికిచ్చాడు. ఇంటికి తెచ్చాను.

"ఇది తీసేస్తే నేనెలా కూర్చోవాలండీ?" అంది మా ఆవిడ.

"కొండల్లోకి నువ్వు రావు కదా" అన్నాను.

పాతికేళ్ల సంసారంలో నేనన్న తెలివితక్కువ మాటలన్నీ గుర్తుంచుకోవడం కష్టం గానీ, ఇది మాత్రం మొదటి వరుసలో ఉంటుంది. ఆవిడ ఏమీ అనలేదు. జాలీ తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఇంతవరకూ అయింది చిల్లర పని. అసలు పని షాక్ అబ్జార్బర్లది. వెనక ఉన్నవి తీసి, వేరే బండివి, రెండంగుళాలు పొడవైనవి బిగించాడు. ముందువి మార్చాలంటే చాలా ఖర్చని వాటిని అలాగే వదిలేశాడు. దాంతో బండి వెనక ఎత్తు, ముందు పల్లం అయింది. సీటు మీద కూర్చుంటే జారుడుబల్ల మీద కూర్చున్నట్టు మెల్లగా జారి ట్యాంకుకు గుద్దుకునేవాణ్ణి. ఎక్కడ సమంగా ఉండేదంటే ఎత్తు ఎక్కేటప్పుడు. అంటే ఆ బండి మీద సుఖంగా కూర్చోవాలంటే జీవితాంతం కొండ ఎక్కుతూనే ఉండాలి.

నా ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు. బండికి రెండంగుళాలు పెరిగింది, నాకు పెరగలేదు. సిగ్నల్ దగ్గర ఆగితే బొటనవేళ్ల మీద నిలబడాల్సి వచ్చేది. అయినా అది పెద్ద విషయం కాదు. పెద్ద విషయం స్టాండుది.

మెకానిక్ షాపు నుంచి ఇంటికి వచ్చి, అలవాటుగా సైడ్ స్టాండు వేసి దిగాను. బండి నాతో పాటే దిగింది. స్టాండు పాత కొలతదే, బండి లేచింది. అందుకని బండి ఒరగాల్సినదానికంటే ఎక్కువ ఒరిగి, ఒక్క క్షణం ఆలోచించి, మెల్లగా పడుకుంది. సెంటర్ స్టాండు వేసి చూశాను. అది నేలకు తగిలీ తగలక ఊగులాడింది. ఫోను చేస్తే మెకానిక్, "కింద ఏదైనా చెక్క పెట్టుకోండి సార్, కొండల్లోకి పోయేవాళ్లందరూ అంతే" అన్నాడు.

అటక మీద విరిగిన పీట ఒకటి ఉంది. మా పెళ్లినాటిది. దాని కాలు ఒకటి ఊడదీశాను. స్టాండు కింద పెడితే అచ్చంగా సరిపోయింది. పెళ్లికొడుకుగా దాని మీద కూర్చున్నప్పుడు ఈ కాలు ఏదో ఒకనాడు నన్ను ఇలా ఆదుకుంటుందని అనుకోలేదు.

అయితే ఇందులో ఒక చిక్కుంది. బండి దిగాలంటే స్టాండు వేయాలి. స్టాండు నిలవాలంటే కింద పీట కాలు పెట్టాలి. పీట కాలు పెట్టాలంటే బండి దిగాలి. మూడు రోజుల పాటు ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్ వచ్చి పెట్టేదాకా బండి మీదే కూర్చుని ఉన్నాను. నాలుగో రోజున ఉపాయం తట్టింది. పీట కాలికి తాడు కట్టి, ఆ తాడు హ్యాండిల్‌కు ముడి వేశాను. ఆగగానే బావిలోకి చేద వదిలినట్టు దాన్ని కిందికి వదలడం, ఎడమ కాలి బొటనవేలితో స్టాండు కిందికి నెట్టడం. రెండు రోజుల్లో చెయ్యి తిరిగింది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి మా వీధి పిల్లలు అరుగు మీద వరుసగా కూర్చుని ఉండేవారు చూడటానికి.

డిసెంబరులో ఒక ఆదివారం, తెల్లవారుజామున రెండున్నరకు బయలుదేరాను. సబ్బవరం, చోడవరం, మాడుగుల. మాడుగుల హల్వా దుకాణాలు ఆ వేళకు మూసి ఉన్నాయి, తిరుగు ప్రయాణంలో మా ఆవిడకు కొనాలనుకున్నాను. ఆ హల్వా గోధుమ పాలతో చేస్తారు. నెయ్యి, జీడిపప్పు, బాదంపప్పు ధారాళం. దానికి కోపాలు కరగదీసే గుణం ఉందని మా ఇంట్లో పలుమార్లు రుజువయింది.

పాడేరు ఘాట్ రోడ్డులో అమ్మవారి పాదాల దగ్గర బండ్లన్నీ ఆగి దణ్ణం పెట్టుకుని మరీ వెళ్తాయి. చీకట్లో, మంచులో ఆ తాడూ పీట కాలూ వ్యవహారం పెట్టుకోవడానికి జంకి, నేను దిగలేదు. చేతులు హ్యాండిల్ మీదే ఉంచి తల వంచి దణ్ణం పెట్టి వెళ్లిపోయాను. తరువాత జరిగినదానికంతా అదే కారణమని మా అత్తగారి అభిప్రాయం.

వంజంగి చేరేసరికి ఇంకా మసక చీకటి. కొండ కింద బండ్లు బారులు తీరి ఉన్నాయి. బుల్లెట్లు, నాలాంటి వంద సీసీలు, ఆఖరికి ఆడపిల్లలు నడిపే గేర్లు లేని స్కూటర్లు కూడా. వాటి యజమానులందరూ బుద్ధిగా దిగి నడిచి ఎక్కుతున్నారు. నాలుగు వేల రూపాయల టైర్లు వేయించి నడవడమా? మొదటి గేరులో వేసి రాళ్ల దారి మీదికి ఎక్కించాను.

న్యాయంగా చెప్పాలి, బండి ఎక్కింది. గుబ్బలు మట్టిని పట్టాయి, ఊడిన పన్ను చేసిన మేలు కనిపించింది, సీటు సమంగా ఉంది. జీవితంలో మొదటిసారి నా బండి మీద సుఖంగా కూర్చున్నాను. నడిచేవాళ్లు తప్పుకుని దారి ఇచ్చారు. ఒకాయన ఫొటో కూడా తీశాడు. అదే కొంప ముంచింది. ఫొటోకు కాస్త నిటారుగా కూర్చోబోయి క్లచ్ వదిలాను, ఇంజను ఆగింది.

వాలులో ఆగితే కాలు ఆనించాలి. ఎడమ పక్క పల్లం. అక్కడ నేల మామూలుకంటే ఇంకా అరడుగు కిందికి ఉంది. నా కాలు వెళ్లింది, వెళ్తూనే ఉంది, నేల రాలేదు. పడటం అంటే ఒక్కసారిగా పడటం. ఇది అలా కాదు. ముసలి తాటిచెట్టు ఒరిగినట్టు, నాకు జరగబోయేదంతా తెలుస్తూ ఉండగా, తాపీగా ఒరిగాను. ఆఖరి క్షణంలో అలవాటు చొప్పున పీట కాలు కిందికి వదిలాను కూడా. తాడు తెగి, అది దొర్లుకుంటూ కాఫీ తోటలోకి పోయింది. బండి ఎడమ పక్కకు పడింది, క్లచ్ లివర్ సగానికి విరిగింది, ట్యాంకు మూతలోంచి పెట్రోలు కారింది.

అప్పుడు పై నుంచి ఒక బండి దిగి వచ్చింది. అచ్చం నా బండే, వయసు నా దానికంటే ఎక్కువ. టైర్లు అరిగి నున్నగా ఉన్నాయి. నడిపే ఆయన, వెనక ఆయన భార్య, ఇద్దరి మధ్యా ఒక గింజల బస్తా. సారీ గార్డుకు కాళ్లు కట్టిన రెండు కోళ్లు తలకిందులుగా వేలాడుతూ నన్ను తిన్నగానే చూస్తున్నాయి. సంతకు పోతున్నారు. ఆయన ఆ వాలులో సైడ్ స్టాండు వేసి దిగాడు. దాని కింద ఏమీ పెట్టలేదు. బండి నిలబడింది.

ఇద్దరం కలిసి నా బండిని లేపాం. ఆయన దాని చుట్టూ చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు.

"దెబ్బ గట్టిగానే తగిలింది బాబూ. మడ్గార్డు సగం పోయింది. చక్రం మీద జాలీ పోయింది. ముందు మడ్గార్డు చూడండి, ఎలా పైకి లేచిపోయిందో! ఎక్కడ పడ్డాయో వెతుకుదామా?"

వద్దన్నాను. ఆయన వినలేదు. "ఇనుప సామాను బాబూ, ఊరికే వదిలేస్తామా" అని భార్యను కాఫీ మొక్కల్లోకి పంపాడు. నేను నోరు విప్పే లోపే ఆవిడ దిగి వెతికి, చేతిలో పీట కాలుతో తిరిగి వచ్చింది. మొగుడూ పెళ్లాం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఇది బండిలో ఏ భాగం బాబూ?" అన్నాడాయన.

"స్టాండు" అన్నాను.

ఆయన ఇక ఏమీ అడగలేదు. బండిని ఒక సిల్వర్ ఓక్ చెట్టుకు ఆనించి, పీట కాలును నా చేతికిచ్చి, జాగ్రత్తలు చెప్పి వెళ్లిపోయాడు. మిగతా కొండ నడిచి ఎక్కాను. పాలు పొంగి గిన్నె అంచు దాకా వచ్చి ఆగినట్టు కింద లోయంతా మబ్బులు. చేతిలో పీట కాలు పట్టుకుని చాలాసేపు చూశాను. పక్కన ఎవరో పిల్లవాడు వాళ్ల నాన్నను అడిగాడు, "ఆయన అది ఎందుకు తెచ్చుకున్నాడు?" అని. వాళ్ల నాన్న, "మొక్కు అయి ఉంటుంది" అన్నాడు.

విరిగిన క్లచ్ లివర్‌లో రెండు వేళ్లకు సరిపడా మిగిలింది. దానితోనే ఇల్లు చేరాను, మాడుగులలో హల్వా కొన్నాను. గుమ్మంలో మా ఆవిడ నా వెనక్కి వచ్చి చూసి, గట్టిగా నవ్వింది. కోసేసిన మడ్గార్డు పుణ్యమా అని ఎర్రమట్టి నా వీపు మీద నడుము నుంచి మెడ దాకా నిలువునా చారగా పడింది. అందరికీ నామం నుదుటి మీద పెడతారు, నా బండి నాకు వీపు మీద పెట్టింది. వెనక కట్టిన హల్వా డబ్బాకూ పెట్టింది.

మరుసటి వారమే మెకానిక్‌తో అన్నీ తీయించేశాను. పాత షాక్ అబ్జార్బర్లు, పాత టైర్లు, పద్నాలుగో పన్ను, అన్నీ వచ్చాయి. మడ్గార్డులు కొత్తవి కొన్నాను. ఇక సారీ గార్డు ఒక్కటే బిగించాలి. ఇంటికి వచ్చి ఎక్కడ పెట్టావని అడిగాను.

మా ఆవిడ పెరట్లోకి తీసుకువెళ్లి చూపించింది. తమలపాకు కుండీలో జాలీ నిటారుగా పాతి ఉంది. దాని ప్రతి గడిలోంచీ తీగ దూరి, చుట్టుకుని, పై దాకా వెళ్లింది. అరచేయంత ఆకులు.

"ఇప్పుడు తీస్తే తెగిపోతుందండీ" అంది. "సంక్రాంతికి తాంబూలాలకు కావాలి. ఆ తరువాత మాఘమాసం, శ్రావణం కూడా చూసుకోవాలి."

"మరి బజారుకు నా వెనక ఎలా కూర్చుంటావు?"

"రైతు బజారుకు బోలెడన్ని ఆటోలు పోతాయి" అని, రెండు ఆకులు తుంచి నా చేతిలో పెట్టింది.