బ్రాంచికి నష్టం రాలేదు, కేటగిరీ తప్పు పెట్టారు

పొద్దున పదకొండింటికి జరిగింది. ఇప్పుడు రాత్రి తొమ్మిదిన్నర. కడుపులో మంట ఇంకా తగ్గలేదు, అందుకే ఇక్కడ రాస్తున్నాను. అకౌంట్స్ పని చేసేవాళ్లు చాలామంది నా లిస్టులో ఉన్నారు, మీకు వివరంగా చెప్పక్కర్లేదు. మిగతావాళ్లు కాస్త ఓపిగ్గా చదవండి.

మా ఓనర్ గారు టాలీలో (మేం లెక్కలు రాసే సాఫ్ట్‌వేర్) బ్రాంచిల రిపోర్టు తెరిపించుకున్నారు. నరసరావుపేట బ్రాంచి ఏడు నెలల్లో ఆరు లక్షల పైచిలుకు నష్టం అని కనిపించింది. అంతే, ఫోన్ తీసి స్పీకర్ పెట్టి, ఆ బ్రాంచి చూసే ఆయన్ని ఆఫీసులో అందరం వింటుండగా తిట్టారు. "ఏం చేస్తున్నావయ్యా అక్కడ కూర్చుని? దసరాకి బోనస్ కూడా తీసుకున్నావుగా. సంక్రాంతి లోపు ఆ షట్టర్ దించేద్దాం" అన్నారు. అవతలి మనిషికి 58 ఏళ్లు. మా కంపెనీ పుట్టినప్పటి నుంచీ ఉన్నాడు. "సరే సార్" అని ఒక్క మాట అన్నాడు, అంతకు మించి ఏమీ అనలేదు.

"సార్, ఆ అంకె తప్పు, ఒక్క నిమిషం చూడండి" అన్నాను. "కంప్యూటర్ తప్పు చెప్తుందా అమ్మా" అన్నారు.

కంప్యూటర్ తప్పు చెప్పదు. దానికి మనం ఏ గడులు గీసి ఇస్తే ఆ గడుల్లోనే లెక్క చెప్తుంది. ఆ గడులు తప్పు గీశారని నేను ఏప్రిల్ నుంచి మొత్తుకుంటున్నాను.

మాది ఎరువులు, పురుగుమందులు, విత్తనాల వ్యాపారం. గుంటూరులో మెయిన్ షాపు, గోడౌన్. నరసరావుపేటలో, సత్తెనపల్లిలో బ్రాంచిలు. ఈ ఏడాది మొదట్లో ఓనర్ గారికి మూడు సంగతులు తెలుసుకోవాలనిపించింది. ఏ బ్రాంచి ఎంత సంపాదిస్తోంది, ఏ సేల్స్‌మన్ ఎంత అమ్ముతున్నాడు, ఖరీఫ్‌లో ఎంత మిగిలింది, రబీలో ఎంత మిగిలింది. అడగాల్సిన ప్రశ్నలే, నేను కాదనను. దాని కోసం బయటి నుంచి ఒక కన్సల్టెంట్‌ని పిలిపించారు. ఒక్క పూట కూర్చున్నాడు. నాలుగు గంటల్లో "సెటప్" అయిపోయిందన్నాడు. అతను తీసుకున్న ఫీజు నా జీతం, మా బిల్లింగ్ అమ్మాయి జీతం కలిపినా ఎక్కువే. ఆ నాలుగు గంటల్లో నన్ను ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు: "మేడమ్, మీ పాస్‌వర్డ్ ఏంటి?"

అతను చేసిన పని ఇది. టాలీలో కాస్ట్ సెంటర్లు, అంటే ఆదాయం, ఖర్చు ఎవరి పేరున పడిందో విడిగా చూపించే పేర్లు, ఆన్ చేయగానే ప్రైమరీ కాస్ట్ కేటగిరీ అని ఒకటి తయారుగా ఉంటుంది. దాని కిందే మూడు బ్రాంచిల పేర్లు, ఐదుగురు సేల్స్‌మన్ల పేర్లు, ఖరీఫ్, రబీ, మొత్తం పది పేర్లూ వరసగా ఎక్కించేశాడు. అన్నీ ఒకే కుప్ప.

ఒకే కేటగిరీలో ఉన్న సెంటర్లు ఒక బిల్లు మొత్తాన్ని పంచుకుంటాయి. నలభై వేల బిల్లు కొడితే ఆ నలభై వేలు ఆ పది పేర్ల మధ్యే సర్దాలి. బ్రాంచికి నలభై రాస్తే సేల్స్‌మన్‌కి సున్నా. సేల్స్‌మన్‌కి నలభై రాస్తే బ్రాంచికి సున్నా. చెరి సగం రాస్తే రెండూ అబద్ధం. అదే బ్రాంచికి ఒక కేటగిరీ, మనిషికి ఒక కేటగిరీ, సీజన్‌కి ఒక కేటగిరీ విడివిడిగా పెడితే అదే నలభై వేలు మూడు చోట్లా పూర్తిగా పడుతుంది. బ్రాంచి రిపోర్టులో నలభై, సేల్స్‌మన్ రిపోర్టులో నలభై, సీజన్ రిపోర్టులో నలభై. మూడింటినీ కలిపి కూడకూడదు, దేనికది చూసుకోవాలి. కాస్ట్ కేటగిరీ అనేది టాలీలో ఉన్నదే ఇందుకు. ఇది తెలియనివాడికి "సెటప్" అప్పగించారు!

ఇక నరసరావుపేట నష్టం ఎలా వచ్చిందో చూడండి. గుంటూరులో కౌంటర్ అమ్మకాలే ఎక్కువ. సేల్స్‌మన్ ఉండడు కాబట్టి బిల్లంతా బ్రాంచి పేరునే పడుతుంది. నరసరావుపేటలో అమ్మకాలన్నీ ఊళ్లు తిరిగే కుర్రాళ్ల ద్వారా జరుగుతాయి. అక్కడి బిల్లింగ్ అమ్మాయికి ఆ కన్సల్టెంటే ఫోన్లో "సేల్స్‌మన్ పేరు తప్పకుండా పెట్టమ్మా, సార్ కమీషన్ చూడాలి" అని చెప్పాడు. పాపం ఆ పిల్ల అలాగే పెట్టింది. అంటే అమ్మకాలన్నీ మనుషుల పేర్ల మీదికి వెళ్లిపోయాయి. షాపు అద్దె, కరెంటు బిల్లు, జీతాలు, లారీ కిరాయి మాత్రం బ్రాంచి మీద పడ్డాయి. అమ్మకం లేకుండా ఖర్చు ఒక్కటే ఉంటే ఏ షాపైనా నష్టంలోనే కనిపిస్తుంది. సేల్స్‌మన్ల రిపోర్టు కూడా పక్కన పెట్టుకుని, వాళ్ల అమ్మకాలు బ్రాంచికి కలిపి చూశాను. నరసరావుపేట లాభంలోనే ఉంది. సత్తెనపల్లి కంటే మెరుగ్గా ఉంది. ఆ మాట వినడానికి మధ్యాహ్నం దాకా ఎవరికీ తీరిక లేదు.

ఆ పెద్దాయన ఈ రోజు మధ్యాహ్నం అన్నం తినలేదట. అక్కడి అమ్మాయి నాకు ఫోన్ చేసి "అక్కా, నేనేమైనా తప్పు కొట్టానా" అని ఏడ్చింది. ఏం చెప్పమంటారు? నువ్వు చెప్పినట్టే కొట్టావమ్మా, చెప్పినవాడిదే తప్పు అన్నాను. ఆ చెప్పినవాడికి మాత్రం ఇవాళ ఒక్క ఫోన్ కూడా వెళ్లలేదు.

సీజన్ సంగతి మరీ ఘోరం. ఖరీఫ్, రబీ అని రెండు పేర్లు పెట్టి ఊరుకున్నాడు. గుంటూరు జిల్లాలో ఎరువుల వ్యాపారం చేసేవాళ్లెవరినైనా అడగండి, మిర్చి రైతుకి అప్పు ఎప్పుడిస్తాం, ఎప్పుడు తిరిగి వస్తుంది? ఆగస్టు, సెప్టెంబరులో నాట్లప్పుడు మందులు ఇస్తాం. కాయ కోసి, ఎండబెట్టి, యార్డుకి తోలి, డబ్బు చేతికొచ్చేసరికి ఫిబ్రవరి, మార్చి, ఒక్కోసారి ఏప్రిల్ దాటుతుంది. మన లెక్కల సంవత్సరమేమో మార్చి 31తో అయిపోతుంది. ఖరీఫ్‌లో ఇచ్చిన అప్పు పక్క సంవత్సరంలో జమ పడితే దాన్ని ఏ సీజన్‌లో చూపించాలి? ఈ ప్రశ్న అడగకుండా సీజన్ కేటగిరీ పెట్టడమంటే మిర్చి చేను ఎప్పుడూ చూడనట్టే. పైగా కొత్త కేటగిరీలో ఆదాయ వ్యయాలకు చెందని పద్దులు (బకాయిల్లాంటివి) పంచాలా అనే చోట 'నో' అనే ఉంటుంది. దాన్ని 'యెస్' చేసి, పార్టీల లెడ్జర్లలో, అంటే రైతుల ఖాతాల్లో కూడా కాస్ట్ సెంటర్ ఆన్ చేస్తే తప్ప సీజన్ వారీగా బకాయిలు కనపడవు. ఓనర్ గారికి అసలు కావలసింది బకాయిలే! దాన్నే వదిలేశాడు.

జీఎస్టీ వచ్చాక కేటగిరీ అంటే అందరికీ భయం వచ్చింది. విత్తనాలకి పన్ను లేదు, ఎరువులకి 5 శాతం, పురుగుమందులకి 18 శాతం. ఒక మందు డబ్బాని తప్పు గ్రూపులో పెడితే నోటీసు వస్తుందని ఓనర్ గారే పక్కన కూర్చుని చూసుకుంటారు. బ్రాంచి కేటగిరీ తప్పయితే నోటీసు రాదు. ఒక మనిషి తిట్లు తింటాడు, అంతే. అందుకే ఎవరికీ పట్టదు.

'ఇతరములు' గురించి కూడా ఇప్పుడే చెప్పేస్తాను, ఎలాగూ నోరు తెరిచాను కాబట్టి. మా పుస్తకాల్లో ఇతర ఖర్చులు అనే లెడ్జర్‌లో ఈ ఏడు నెలల్లో 2 లక్షల 84 వేలు ఉంది. తెరిచి చూస్తే టీ ఖర్చు, బండి పంక్చరు, వినాయక చవితి చందా, లోడు దింపిన హమాలీ, ఓనర్ గారి ఇంటి గ్యాస్ సిలిండరు అన్నీ అందులోనే. హమాలీ సరుకు మీద పడే ఖర్చు, అది డైరెక్ట్ ఖర్చుల్లో ఉంటే తప్ప సరుకు మీద నిజంగా ఎంత మిగిలిందో తెలియదు. ఇంటి గ్యాస్ ఓనర్ గారి సొంత ఖాతాకి రాయాలి. మూడుసార్లు విడివిడిగా లెడ్జర్లు తెరిచాను. మూడుసార్లూ "ఇన్నెందుకమ్మా, రిపోర్టు పొడుగైపోతోంది" అని మూయించారు. సంవత్సరం చివర మళ్లీ అదే నోటితో "ఈ ఇతర ఖర్చులు ఇంతెందుకు అయ్యాయి" అని నన్నే అడుగుతారు. దాచమన్నది మీరే కదా సార్?

ఇలాంటప్పుడే నాకు మా పాత గుమాస్తా గారు గుర్తొస్తారు. 2012లో నేను చేరినప్పుడు ఆయన చిట్టా (రోజువారీ పద్దుల పుస్తకం), ఆవర్జా (పేర్ల వారీ ఖాతాల పుస్తకం) చేత్తోనే రాసేవారు. ఆవర్జాలో రైతుల పేర్లు అక్షర క్రమంలో ఉండేవి కావు, ఊళ్ల వారీగా ఉండేవి. ఊరికి కొన్ని పేజీలు, ఊళ్లో బజారు వారీగా పేర్లు. వసూలుకి వెళ్లేవాడు ఆ పేజీలు చూసి బండి తీస్తే ఒక్క ఇల్లు తప్పేది కాదు. అర్థం కాని పద్దు వస్తే అనామతు ఖాతాకి (సంగతి తేలేదాకా ఉంచే పేజీ) రాసేవారు గానీ, అది శనివారం దాటి అక్కడ ఉండటానికి వీల్లేదు. శనివారం సాయంత్రం ఆ పేజీ ఖాళీ అయ్యేదాకా ఆయన ఇంటికి వెళ్లేవారు కాదు. నాకు లెక్కలు నేర్పింది డిగ్రీ కాలేజీ కాదు, ఆయనే.

మరుసటి ఏడాది టాలీ పెట్టారు. అప్పుడూ ఇలాగే ఒకతను వచ్చాడు. టాలీ తనంతట తానే 28 గ్రూపులు ఇస్తుంది, 15 ప్రధానమైనవి, 13 వాటి కిందవి. ఆ కింది వాటిలో సండ్రీ డెటర్స్, అంటే మనకి బాకీ ఉన్నవాళ్లు, ఒకటి. మా దగ్గర అప్పున్న వెయ్యిమందికి పైగా రైతుల్ని అతను నేరుగా అందులోకి తోసేశాడు. వెంకటేశ్వర్లు అనే పేరుతోనే పద్నాలుగు లెడ్జర్లు! గుమాస్తా గారు చేతులు కట్టుకుని నిలబడి అడిగారు, "బాబూ, దీని కింద ఊరికొక గ్రూపు పెట్టడానికి కుదరదా?" అని. కుదురుతుంది. రెండు నిమిషాల పని. కానీ అతను "అవి పాత పద్ధతులండీ, ఇప్పుడు పేరు కొడితే వచ్చేస్తుంది" అన్నాడు. ఆయన ఇంకేమీ మాట్లాడలేదు. పేరు కొడితే పద్నాలుగు మంది వచ్చారు. ఒకరి డబ్బు ఇంకొకరి ఖాతాలో పడి, ఊళ్లో మాట పోయి, రైతు షాపుకొచ్చి గొడవ పడ్డాడు. నింద గుమాస్తా గారి మీద పడింది. ఆ ఉగాదికి మానేశారు. ఆయన వెళ్లిపోయిన ఆరు నెలలకి నేను ఒక్కదాన్నే కూర్చుని ఊళ్ల వారీగా గ్రూపులు చేశాను. ఇవాళ్టికీ వసూళ్లకి మా కంపెనీ వాడుతున్నది ఆ గ్రూపులే. ఒక్కరు కూడా ఆయన ఇంటికి వెళ్లి మీరు చెప్పిందే సరైనదండీ అనలేదు. నేనైనా వెళ్లి ఉండాల్సింది. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అందుకే ఇవాళ నరసరావుపేట ఆయన "సరే సార్" అంటుంటే నాకు ఆ గుమాస్తా గారి గొంతే వినిపించింది. రోజూ పద్దు రాసేవాళ్లని, రోజూ సరుకు ఇచ్చేవాళ్లని అడగకుండా గడులు గీస్తారు. తప్పు బయటపడ్డాక ఆ గడుల్లో రాసినవాళ్లని పట్టుకుంటారు.

మధ్యాహ్నం రెండింటికి నేనే ఓనర్ గారి గదిలోకి వెళ్లాను. ఒక్క బిల్లు తీసుకుని మూడు కేటగిరీల్లో పెట్టి చూపించాను. అప్పుడు అర్థమైంది. "అయితే పాతవన్నీ సరిచేసెయ్యమ్మా" అన్నారు. ఆయన ఫోన్ చేసి ఆ పెద్దాయనకి ఒక్క మాట చెప్తారేమోనని సాయంత్రం దాకా చూశాను. చెప్పలేదు.

సరిచేయడం అంటే ఏప్రిల్ 1 నుంచి ప్రతి అమ్మకం బిల్లూ తెరిచి, బ్రాంచి, మనిషి, సీజన్ విడివిడిగా పెట్టి మళ్లీ సేవ్ చేయడం. పన్ను అంకెలు మారవు, అది నయం. ఉమ్మడి గోడౌన్ అద్దె లాంటి వాటికి కాస్ట్ సెంటర్ క్లాస్ పెట్టి 50, 30, 20 శాతం చొప్పున మూడు బ్రాంచిలకీ దానంతట అదే పంచుకునేలా చేశాను. ఇకమీదట ఆ అమ్మాయి ఏదీ లెక్క కట్టి కొట్టక్కర్లేదు.

కానీ నన్ను ఇంకా కాలుస్తున్నది వేరే ఉంది. మాది ప్రైవేట్ లిమిటెడ్. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలన్నిటికీ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎడిట్ లాగ్ తప్పనిసరి. ఏ పద్దు ఎవరు, ఎప్పుడు మార్చారో అన్నీ అందులో ఉంటాయి, తుడిచేయడానికి లేదు. నేను సరిచేసే ప్రతి బిల్లు మీదా 'మార్చినవారు' అని నా పేరు పడుతోంది. పోనీ, ఆ పది పేర్లని ఒకే కుప్పలో పోసింది ఎవరో అందులో ఉంటుంది కదా అని ఇందాక లాగ్ తెరిచి చూశాను. అక్కడా నా పేరే ఉంది. ఆ రోజు అతను పాస్‌వర్డ్ అడిగింది అందుకే. నా లాగిన్‌లోనే చేసి వెళ్లాడు.

రేపు ఆడిటర్ అడిగితే ఏం చెప్పాలి? ఆ కన్సల్టెంట్ వచ్చిన తేదీ, అతని ఫీజు కట్టిన వోచర్ ప్రింటు తీసి ఫైల్లో పెట్టుకున్నాను. ఈ సాయంత్రమే పాస్‌వర్డ్ మార్చాను. ఇక ఎవరొచ్చి అడిగినా ఇవ్వను, ఓనర్ గారు చెప్పినా సరే. వాళ్లకి వేరే లాగిన్ తెరిచి ఇస్తాను.

నరసరావుపేట ఆయనకి నేనే ఫోన్ చేశాను. "మీ బ్రాంచి లాభంలో ఉంది బాబాయ్, రిపోర్టు ప్రింటు తీసి రేపు బస్సులో పంపిస్తున్నా, దగ్గర పెట్టుకోండి" అని చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత "అంకె ఎంతొచ్చిందమ్మా" అని అడిగారు. చెప్పాను. రాసుకుంటానుండు అని పెన్ను వెతుక్కున్నారు.

ఇప్పటికి ఏప్రిల్, మే అయ్యాయి. జూన్ బిల్లులు తెరుస్తున్నాను.