న్యూయార్క్ వెళ్తున్నారా? నీళ్లు మాత్రం తాగకండి

న్యూయార్క్ వెళ్లేవాళ్లకి టిప్స్ అని ఎవరు వీడియో పెట్టినా అందులో ఒక పాయింట్ గ్యారెంటీగా ఉంటుంది, రోజంతా నడవాలి కాబట్టి వాటర్ బాటిల్ పట్టుకెళ్లండి, హైడ్రేటెడ్‌గా ఉండండి అని. సరే బాబూ, ఉంటాం. తాగిన నీళ్లు ఎక్కడ వదలాలో చెప్పి చావరే? ఏ షూస్ కొనాలో చెప్తారు, పిజ్జా ముక్క ఎక్కడ చీపో చెప్తారు, టైమ్స్ స్క్వేర్‌లో ఏ మూల నిలబడితే రీల్ బాగా వస్తుందో కూడా చెప్తారు. ఈ ఒక్క విషయం దగ్గరికొచ్చేసరికి అందరికీ సిగ్గు ముంచుకొస్తుంది. కాబట్టి ప్రజాహితం కోరి ఆ బాధ్యత నేను నెత్తినేసుకుంటున్నా.

ముందు భౌగోళిక స్థితిగతులు. ఊళ్లో జనం 80 లక్షల పైమాటే, పబ్లిక్ టాయిలెట్లు వెయ్యి పైచిలుకు, వాటిలో ఎక్కువ భాగం పార్కుల్లో. మనకి అర్జెంటయ్యేదేమో సబ్‌వేలో, అంటే అక్కడి మెట్రో రైల్లో. సబ్‌వేకి 472 స్టేషన్లున్నాయి, వాటిలో కొన్నిటికే బాత్రూమ్‌లుండేవి, 2020 మార్చిలో కరోనా అని వాటికీ తాళాలేశారు. తర్వాత ఆఫీసులు తెరిచారు, థియేటర్లు తెరిచారు, బార్లు తెరిచారు, ఈ తాళాలు మాత్రం అలాగే ఉన్నాయి. చివరికి 2023 జనవరిలో ఘనంగా ప్రకటించి తెరిచారు. తొమ్మిది స్టేషన్లలో. అవీ అప్పట్లో పొద్దున ఏడు నుంచి సాయంత్రం ఏడు దాకానే, మధ్యాహ్నం క్లీనింగ్‌కి ఇంకో గంట బంద్. తర్వాత మెల్లిగా ఇంకొన్ని తెరిచారు.

ఇప్పుడు ప్రాక్టికల్స్. ఫిఫ్త్ అవెన్యూ మీద మీ నాన్నగారు ఉన్నారనుకోండి, షుగరు, బీపీ, ప్రాస్టేట్ మూడూ ఉన్న మనిషి, ఆ బీపీ బిళ్ల కూడా నీళ్లు లాగేసే రకం. ఆయన అల్లుడి ముందు ఆ మాట అనలేరు కదా, "అల్లుడుగారూ, కాసేపు ఎక్కడన్నా కూర్చుందామా" అంటారు. అల్లుడు మంచోడే, "అలసిపోయారా మామయ్యగారూ" అని బాటిల్ మూత తీసి చేతికిస్తాడు. మర్యాదకి ఆయన రెండు గుక్కలు తాగుతారు. ఇంకో రెండు బ్లాకులు నడిచాక ఆయన మొహం చూసి అమ్మగారికి అర్థమవుతుంది, ఆవిడ కూతురి చెవిలో చెప్తుంది, కూతురు మొగుడి చెవిలో చెప్తుంది, అందరూ కలిసి పక్కనున్న కాఫీ షాపులోకి పరిగెడతారు. తలుపు మీద కస్టమర్స్ ఓన్లీ అని బోర్డు, హ్యాండిల్ పక్కన నంబర్ల లాకు, దాని కోడ్ రసీదు మీద ఉంటుంది, రసీదు కావాలంటే కాఫీ కొనాలి, కాఫీకి పద్నాలుగు మంది లైను. ఎట్టకేలకి కొంటారు, కోడ్ కొడితే లోపల ఎవరో ఉన్నారు, ఈ లోపు కౌంటర్ మీద కాఫీ రెడీ అని పేరు తప్పుగా పిలుస్తుంటారు. పెద్దాయన పని ముగించుకుని ప్రశాంతంగా బయటికొచ్చి, "ఐదొందలు పెట్టి కొన్న కాఫీ పారబోస్తామా" అని మొత్తం తాగేస్తారు. ఇంకో అరగంటకి, "అల్లుడుగారూ, కాసేపు ఎక్కడన్నా కూర్చుందామా."

స్టార్‌బక్స్‌లోకైతే ఏమీ కొనకపోయినా ఎవరైనా వెళ్లొచ్చని 2018లో రూలు పెట్టారు, 2025లో దాన్నీ ఎత్తేశారు. ఆ ముచ్చటా తీరింది.

చరిత్ర మీద ఆసక్తి ఉన్నవాళ్లకి ఒక దర్శనీయ స్థలం చెప్తా, ఆ ఊళ్లోనే క్వీన్స్ అనే ప్రాంతంలో ఒక గోడౌన్. 2006లో సిటీ వాళ్లు ఆటోమేటిక్ టాయిలెట్లు 20 పెట్టిస్తామని ఒక కంపెనీతో ఒప్పందం చేసుకున్నారు. పావలా డాలర్ వేస్తే తలుపు తెరుచుకుంటుంది, పదిహేను నిమిషాలు దాటితే మీరు ఏ స్థితిలో ఉన్నా మళ్లీ తనంతట తనే తెరుచుకుంటుంది, అంత అధునాతనం. పదేళ్లు దాటినా ఊళ్లో పెట్టింది ఐదు. మిగతావి గోడౌన్‌లో ఏళ్లకేళ్లు భద్రంగా ఉన్నాయి, ఒక్కరు కూడా వాడి పాడు చేయకుండా.

న్యూ ఇయర్ రాత్రి టైమ్స్ స్క్వేర్ కల ఉన్నవాళ్లు ఇంకో వస్తువు ప్యాక్ చేసుకోవాలి. మధ్యాహ్నం నుంచే గొర్రెల్లాగా జనాన్ని బారికేడ్ల మధ్యకి తోలతారు, లోపల టాయిలెట్ ఉండదు, బయటికెళ్తే మళ్లీ ఆ చోటు దొరకదు. అందుకని పెద్ద పెద్ద చదువులు చదివిన మనుషులు డైపర్లు కట్టుకుని, అర్ధరాత్రి ఒక బిల్డింగ్ మీద ఒక్క నిమిషం పాటు కిందికి దిగే లైట్ల బంతి కోసం గంటలకొద్దీ చలిలో నిలబడతారు. ఇన్‌స్టాలో మొహం వరకే కనిపిస్తుంది లెండి.

మనం టూరిస్టులం, ఇవాళ కాకపోతే రేపు హోటల్‌కి పోతాం. ఆ ఊళ్లో సైకిలేసుకుని మంచులో బిర్యానీలు, బర్గర్లు మోసే డెలివరీ వాళ్ల సంగతేంటి? ఫుడ్ తీసుకోడానికి వచ్చిన మనిషిని ఆ రెస్టారెంట్ బాత్రూమ్ వాడుకోనివ్వాలని 2022లో చట్టం అమల్లోకి తెచ్చారు. చట్టం! అంటే అప్పటిదాకా వాడి చేతిలో సంచి పెట్టి పో అన్నారన్న మాటే కదా. టాక్సీ నడిపేవాళ్లు సీటు కింద ఖాళీ బాటిల్ పెట్టుకుని తిరగాలా? ఇల్లే లేనివాడు ఎక్కడికి పోవాలి? వాడు గోడ పక్కన నిలబడితే మాత్రం ఛీ అంటారు, జరిమానా రాస్తారు. వాల్ స్ట్రీట్ పెట్టుకున్న ఊరికి గోడలూ గొట్టాలూ కట్టడానికి డబ్బుల్లేవా? సిగ్గుండాలి. మన అమ్మలు ఇక్కడ బస్టాండ్లకి భయపడి బయల్దేరే ముందు గుక్కెడు నీళ్లు కూడా తాగరు, అంత దూరం విమానమెక్కి పోయినా వాళ్లు అదే పని చేయాలి.

సరే, రెండు అడ్రసులు రాసుకోండి. 42వ వీధి పెద్ద లైబ్రరీ వెనక బ్రయంట్ పార్క్, అక్కడి టాయిలెట్‌లో నిజమైన పూలు పెడతారు, శాస్త్రీయ సంగీతం వినిపిస్తారు, బయట లైనుంటుంది. రెండోది స్టాటెన్ ఐలాండ్ అనే దీవికి పోయే ఫెర్రీ, అంటే పెద్ద పడవ, ఊరి నడిబొడ్డైన మాన్‌హాటన్ దక్షిణం కొసన ఎక్కాలి, 1997 నుంచి టికెట్టే లేదు, లోపల బాత్రూమ్ ఉంది, కోడ్ లేదు, కాఫీ కొనక్కర్లేదు. పోయేటప్పుడు లిబర్టీ విగ్రహం కుడి వైపు కనిపిస్తుంది. ఆ టైముకి నాన్నగారు లోపల ఉంటే కంగారు పడకండి, వచ్చేటప్పుడు ఎడమ వైపు చూసుకుంటారు.