ఆ డ్రమ్స్ వాయించిందెవరు?

2025 జూలైలో ఇంగ్లిష్ రాక్ గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్ పోయినప్పుడు నా ఫీడ్ నిండా ఆయన పాట ‘క్రేజీ ట్రైన్’ క్లిప్పులే. అందరూ ఒకటే కథ రాశారు. 1979లో తన బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ వాళ్లు బయటికి పంపేస్తే, లాస్ ఏంజెలిస్‌లో హోటల్ గదిలో తాగి పడున్న మనిషి, 1980లో ‘బ్లిజర్డ్ ఆఫ్ ఓజ్’ అనే తొలి సోలో ఆల్బమ్‌తో లేచి నిలబడ్డాడని.

కథ బాగుంది. కానీ ఒక్కడే ఎలా లేచాడండీ?

గిటార్ ర్యాండీ రోడ్స్‌ది. అప్పటికి 23 ఏళ్లు. క్లాసికల్ గిటార్ మీద ప్రాణం పెట్టుకున్న కుర్రాడు. అంత మోత మధ్యలో ‘డీ’ అని నిమిషం కూడా లేని ముక్క ఒకటి వాయించాడు, వాళ్లమ్మ కోసం. అది రాగానే నేను ఇప్పటికీ చేస్తున్న పని ఆపేస్తాను. ఈ ఆల్బమ్ వచ్చిన రెండేళ్లలోపే విమాన ప్రమాదంలో పోయాడు. ‘మిస్టర్ క్రౌలీ’ పాట మొదట్లో ఒళ్లు జలదరించే కీబోర్డ్ డాన్ ఎయిరీది. బేస్ గిటార్ బాబ్ డెయిస్లీ, పాటల్లో మాటలు ఎక్కువగా రాసిందీ ఆయనే. డ్రమ్స్ లీ కెర్స్‌లేక్. గొంతు ఓజీది, ఆ గొంతు ఇంకెవరికీ రాదు, ఒప్పుకుంటాను. మరి సోలో అంటే ఏమిటి? అట్ట మీద ఎవరి పేరు పెద్దగా ఉంటే వాళ్లదా? మన క్యాసెట్ల మీదా అంతే కదా, సంగీత దర్శకుడి పేరు ఉండేది, వేణువు ఊదినాయన పేరు వెతికినా దొరికేది కాదు.

అసలు నా కోపం ఇక్కడ కాదు. డెయిస్లీ, కెర్స్‌లేక్ తమకు రావాల్సిన డబ్బు కోసం కోర్టుకెళ్లారు. 2002లో ఆల్బమ్ మళ్లీ విడుదలైంది. అందులో వాళ్లిద్దరి బేస్, డ్రమ్స్ తీసేసి వేరేవాళ్లతో కొత్తగా వాయించి అతికించారు! నేను డబ్బులు దాచుకుని కొన్న సీడీ అదే. వింటుంటే మనింట్లోనే చీకట్లో బీరువాకి గుద్దుకున్నట్టు, తెలిసిన చోటల్లా ఏదో తేడా. కొత్తగా వాయించిన రాబర్ట్ ట్రుహియో, మైక్ బోర్డిన్ మామూలోళ్లు కారు. వాళ్ల తప్పూ లేదు. కానీ ర్యాండీ గిటార్ వాయించింది ఈ డ్రమ్స్ మీద కాదు. ఆయన విన్న దెబ్బ వేరు. డబ్బు గొడవ ఉంటే కోర్టులో తేల్చుకోవాలి, టేపులో మనిషిని చెరిపేస్తారా?

2011లో పాత రికార్డింగే మళ్లీ పెట్టారు, అదొక్కటే ఊరట. కొనేవాళ్లు ఏ సంవత్సరం కాపీయో చూసుకోండి.

కెర్స్‌లేక్‌కి క్యాన్సర్ ముదిరాక, తను వాయించిన ఆల్బమ్‌లకి వచ్చిన ప్లాటినం డిస్కులు (లక్షల్లో అమ్ముడైతే ఇచ్చే గుర్తింపు) గోడకి తగిలించుకోవాలని ఉందని అడిగాడు. ఓజీ పంపించాడు, దాదాపు 40 ఏళ్ల తర్వాత, అదీ అడిగితే. 2020లో కెర్స్‌లేక్ పోయాడు. దాదాపు 40 ఏళ్ల తర్వాత, అదీ అడిగితే.