పుంజుకైతే కుట్లు, పెట్టకైతే మసాలా

మా భీమవరం వైపు పందెం పుంజుకి కత్తి దిగితే ఆ హడావుడి చూడాలి. ఒకడు దాన్ని ఒళ్లో పెట్టుకుంటాడు, ఇంకొకడు రెక్క ఎత్తి గాయం వెతుకుతాడు, సూదీ దారం బయటికొస్తాయి. నిలబడి కుట్లు వేయిస్తారు. ఆ తర్వాత నెలల తరబడి బాదం, జీడిపప్పు, ఖీమా. అదే పెరట్లో పెట్టని కుక్క పట్టిందనుకోండి, ఊరందరికీ తెలిసిన వైద్యం ఒక్కటే: "ప్రాణం ఉండగానే కోసేయండి."

నేను కోడికూర తింటాను, కాబట్టి ఇది అహింసా ఉపన్యాసం కాదు. పందేల్ని మెచ్చుకోవడమూ కాదు, 1960 నాటి జంతు హింస నివారణ చట్టం వాటిని ఒప్పుకోదు. నా గొడవల్లా ఒకటే. కోడికి కుట్లు వేస్తే బతుకుతుందని మన ఊళ్లకి బాగా తెలుసు. తెలిసీ పెట్ట దగ్గరికొచ్చేసరికి ఆ తెలివి గుర్తుకు రాదు. ఎందుకంటే పుంజు మగాళ్లది, పందెం డబ్బు. పెట్ట ఆడాళ్లది, గుడ్ల డబ్బు. 2019 పశుగణన ప్రకారం దేశంలో పెరటి కోళ్లు దాదాపు 31.7 కోట్లు. వాటికి గింజలు చల్లేది, సాయంత్రం గంప కింద కమ్మేది ఎవరో మీ ఇంట్లోనే చూసుకోండి.

మా అమ్మ పెట్టని వీధికుక్క పట్టినప్పుడు పక్కింటి బాబాయ్ గోడ మీంచే తీర్పు చెప్పేశాడు: "ఇంకేం చూస్తావ్ వదినా, మసాలా నూరు." అమ్మ తలెత్తకుండానే, "మొన్న నీ డేగ పుంజుకి కత్తి తగిలితే మసాలా నూరావా అబ్బాయ్?" అంది. ఆయన మళ్లీ మాట్లాడలేదు.

పైకి చూస్తే రెండు ఈకలు ఊడినట్టే ఉంది. కోడితో వచ్చిన చిక్కే అది, ఈకలు గాయాన్ని దాచేస్తాయి. నోటితో ఊదుతూ ఈకలు విడదీస్తే వీపు మీద తోలు అరచేతి మేర లేచిపోయి ఉంది, కింద ఎర్రటి కండ కదులుతోంది. అసలు ప్రమాదం మాత్రం ఆ పెద్ద చిరుగు కాదు, పక్కన పంటి గాట్లు. చూడ్డానికి సూది పోటంత ఉంటాయి, లోపల లోతుగా దిగి చీము పడతాయి. పిల్లిగాని పట్టిందా, ఇంకా తొందరపడాలి, దాని నోట్లోని సూక్ష్మజీవులు పక్షుల్ని చాలా త్వరగా చంపుతాయి.

ముందు దెబ్బకన్నా షాక్ చంపుతుంది. గంప కింద పెట్టి, గోనెపట్టా కప్పి, చీకటిగా, వెచ్చగా వదిలేయాలి. నోరు తెరిచి నీళ్లు పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. అది కాస్త తేరుకున్నాక, లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో 9 గ్రాముల ఉప్పు కలిపి, సూది తీసేసిన సిరంజితో గాయంలో మట్టి పోయేదాకా కడగాలి. తర్వాత అయోడిన్ మందుని పల్చటి టీ రంగులోకి వచ్చేదాకా నీళ్లలో కలిపి వాడొచ్చు. చుట్టూ ఈకలు కత్తిరించాలి, పీకకూడదు. మిగతా కోళ్లలోకి వదిలారా, రక్తం ఎరుపు చూసి అవే పొడిచి చంపేస్తాయి.

ఇక మన పెద్దల కిరోసిన్, ఫినాయిల్, ఇంజిన్ ఆయిల్ వైద్యం. చేతులెత్తి దండం పెడతాను, మానేయండి. ఉన్న కండ కూడా కాలిపోతుంది. పురుగు పడుతుందన్న భయం నిజమే, ఈగ వాలి గుడ్లు పెడితే ఒక్క రోజులోనే పురుగులొస్తాయి. దానికి మందు దోమతెర, పొద్దునా సాయంత్రం గాయం విప్పి చూసే ఓపిక.

రెండో మూడో రోజుకి గాయం చుట్టూ తోలు ఆకుపచ్చగా మారితే "కుళ్లిపోయింది, పారేయండి" అనేవాళ్లు తయారవుతారు. వాసన లేకపోతే కంగారుపడకండి. మనకి దెబ్బ తగిలితే నల్లగా కమిలినట్టు కోళ్లకి ఆకుపచ్చగా కములుతుంది, అంతే. కోడి చీము కూడా మనకిలా కారదు, జున్నుముక్కలా గట్టిగా ఉండిపోతుంది. అది కనిపిస్తే మాత్రం డాక్టర్ తీయాల్సిందే. తాగిన నీళ్లు మెడ కింద గాయంలోంచి కారుతున్నా అంతే, మేత సంచి చిరిగిందని అర్థం.

నొప్పికి మన మాత్ర అరముక్క వేసేవాళ్లకి ఒక మాట. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు వాడిన పశువుల కళేబరాలు తినే రాబందులు కిడ్నీలు పాడై కుప్పకూలాయి. అందుకే 2006లో దాన్ని పశువైద్యంలో నిషేధించారు. కోడీ పక్షే కదండీ! యాంటీబయాటిక్ కూడా డాక్టర్ చెప్పాకే. మందు వాడినన్నాళ్లూ, ఆపాక డాక్టర్ చెప్పిన గడువు దాటేదాకా ఆ గుడ్లు తినకూడదు.

డాక్టర్ అంటే గుర్తొచ్చింది. మేం తీసుకెళ్లిన చోట మొదటి మాట, "కోడికి కుట్లేంటమ్మా, కొత్తది కొనుక్కోండి." గేదెని తీసుకెళ్తే ఇలా నవ్వుతారా? అమ్మ బల్ల దగ్గర్నుంచి కదల్లేదు కాబట్టి కుట్లు పడ్డాయి, పెట్ట బతికింది. గుడ్డు పెట్టడానికి చాలా కాలం పట్టింది, వీపు మీద ఒకచోట ఈక మొలవనే లేదు.

అన్నీ బతకవు. పేగులు బయటికొచ్చినా, మెడ నిలపలేకపోతున్నా, నోరు తెరిచి ఎగశ్వాస తీస్తున్నా త్వరగా ముగించడమే మంచిది, అందులో నాకు వాదన లేదు. కానీ ఆ మాట గాయం చూశాక అనండి, గోడ మీంచి కాదు.

బరి దగ్గర చేయి తిరిగిన వాళ్లు ప్రతి ఊళ్లో ఉన్నారు. కోళ్లకొచ్చే రాణీఖేత్ తెగులు టీకాలకి సిబ్బంది ఊరికొచ్చిన రోజే ఆడవాళ్లని కూర్చోబెట్టి గాయం కడగడం, కట్టు కట్టడం, ఎప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలో చూపిస్తే ఎంతసేపు పడుతుంది? ఒక పూట చాలు. మా పంచాయతీలో అడిగాను, "చూద్దాం" అన్నారు. మళ్లీ అడుగుతాను.