ముందు ఫోన్ ఎవరు పెట్టేయాలి?

నిన్న యూనివర్సిటీలో మాకు ఇంటర్మీడియట్ లెవెల్ జపనీస్ ఓరల్ పరీక్ష. ఇద్దరిద్దర్ని లోపలికి పిలిచారు. అంశం, ఆఫీసు ఫోన్ సంభాషణ. నేనొక కంపెనీలో సేల్స్ ఉద్యోగిని, మా క్లాస్ టాపర్ మా క్లయింట్ కంపెనీలో మేనేజరు. నేను ఫోన్ చేసి మీటింగ్ గురువారానికి మార్చమని అడగాలి, అతను సరేననాలి, ఇద్దరం ఫోన్ పెట్టేయాలి. గురువారం దాకా అంతా బ్రహ్మాండంగా నడిచింది కాబట్టి ఆ ముక్క వదిలేస్తున్నాను.

పెట్టేయడం దగ్గరే వచ్చింది చిక్కు.

మొదటి ఏడాది జపనీస్ ఎంత ముచ్చటగా ఉండేదో! ప్రతి వాక్యం చివరా 'దెసు', 'మాసు' తగిలిస్తే మర్యాదస్తుడి కింద లెక్క. ఇంటర్మీడియట్‌లోకి రాగానే 'కేగో' అని మర్యాద భాష మొదలైంది. పెద్దవాళ్లు చెబితే 'ఒస్షారు', మనం పెద్దవాళ్లకి చెబితే 'మోషియగేరు'. అంటే వాళ్లని ఎత్తడానికో క్రియ, మనం కిందికి దిగడానికో క్రియ. మామూలుగా మూడు రకాలని చెప్పుకునే ఈ మర్యాదల్ని 2007లో జపాన్ ప్రభుత్వ సాంస్కృతిక వ్యవహారాల మండలి ఐదు రకాలు చేసింది. ఎవరడిగారో తెలీదు. వాళ్లకి తగ్గించడమన్నది రాదు. మనకి జపనీస్ ఎంత వచ్చో తేల్చే జేఎల్‌పీటీ పరీక్షలో నాలుగు స్థాయిలుండేవి, 2010లో ఐదయ్యాయి. అదే ఏడాది జోయో కాంజీల, అంటే రోజువారీ వాడుకకని ప్రభుత్వం ఎంచిన బొమ్మల్లాంటి అక్షరాల, పట్టిక 1945 అక్షరాల నుంచి 2136కి పెరిగింది. అలా కొత్తగా చేరినవాటిలో 'ఉత్సు' ఒకటి. దిగులని అర్థం, 29 గీతలు. సగం గీసేసరికే అర్థం దానంతటదే తెలిసిపోతుంది.

ఇంతా చేస్తే ఆ జేఎల్‌పీటీలో మాట్లాడే పరీక్షే లేదు. చదవాలి, వినాలి, అంతే. మాట్లాడించాలన్న సరదా అంతా మా డిపార్ట్‌మెంట్‌దే.

ఆ సరదా కూడా మామూలుది కాదు. మా సెన్సేకి, అంటే మా టీచరుగారికి, అంతా అచ్చంగా ఆఫీసులో ఉన్నట్టే ఉండాలి. మొబైల్ పట్టుకుని నటిస్తామంటే ఒప్పుకోలేదు. బీరువాలోంచి మెలికల వైరున్న పాత టేబుల్ ఫోన్లు రెండు తీయించి, బల్లకి ఆ చివరొకటి, ఈ చివరొకటి పెట్టించారు. వాటి కనెక్షన్ వైర్లు ఎక్కడికీ వెళ్లవు, బల్ల కింద ఊరికే వేలాడుతుంటాయి. రిసీవర్ చెవిలో పెట్టుకుంటే మన చెవి హోరు మనకే వినిపిస్తుంది. మా ముందు ఎదురుగా మార్కుల షీటు. అందులో పలకరింపుకో వరస, క్రియలకో వరస, అన్నిటికన్నా కింద 'ఫోన్ పెట్టేయడం' అని ఇంకో వరస. రిసీవర్ని నేరుగా దాని గూట్లో పెట్టకూడదు. ముందు వేలితో హుక్ నొక్కి లైన్ కట్ చేసి, ఆ తర్వాత మెల్లిగా ఆనించాలి. లేకపోతే 'టక్'మన్న చప్పుడు అవతలివాళ్ల చెవిలో పడుతుందట. కనెక్షనే లేని ఫోన్లో!

సరే, హుక్ మీద వేలు పెట్టి సిద్ధంగా ఉన్నాను. "షిత్సురే ఇతషిమాసు," అన్నాను, సెలవు తీసుకుంటున్నానని. టాపర్ కూడా "షిత్సురే ఇతషిమాసు" అన్నాడు. అని, వాడూ హుక్ మీద వేలు పెట్టి కూర్చున్నాడు.

ఇక్కడ రెండు రూల్సున్నాయి. ఒకటి, ఫోన్ చేసినవాళ్లే ముందు పెట్టేయాలి. ఇది పాఠంలో ఉంది. రెండోది, అవతల ఉన్నది పెద్దవాళ్లో కస్టమరో అయితే, ఎవరు చేసినా సరే, వాళ్లు పెట్టేదాకా ఆగాలి. ఇది పాఠం కింద చిన్న గళ్లలో, సన్న అక్షరాల్లో ఉంది. టాపర్ పాఠం ప్రకారం నా కోసం చూస్తున్నాడు. నేను గళ్ల ప్రకారం వాడి కోసం చూస్తున్నాను. ఎవరు తొందరపడితే వాళ్ల మార్కు పోతుంది. బల్లకి ఆ చివర వాడి కళ్లు నాకు కనబడుతూనే ఉన్నాయి. అవి అనేది ఒకటే మాట, పెట్టు.

నేను పెట్టలేదు. వంగి నమస్కరించాను. ఫోన్లో కనబడకపోయినా జపాన్‌లో చాలామంది వంగుతారని సెన్సేనే చెప్పారు. వాడూ వంగాడు. మెలికల వైరు మరీ పొట్టిది కావడంతో నేను వంగినప్పుడల్లా ఫోన్ పెట్టె నా వైపు బెత్తెడు జరుగుతోంది. అటు వాడి పెట్టెదీ అదే వరస. మర్యాద పెరిగేకొద్దీ రెండు ఫోన్లూ బల్ల అంచులకి చేరుతున్నాయి.

నిశ్శబ్దంగా ఉంటే 'ధారాళత' అన్న వరసలో మార్కు పోతుందేమోనని భయం. అందుకని "కొంగో తోమో యొరొషికు ఒనెగాయి ఇతషిమాసు" అన్నాను, ఇకముందు కూడా మీ దయ ఉండాలని. "కొచిరా కోసో," అన్నాడు, ఆ మాట అనాల్సింది మేమేనని. బిజీగా ఉన్నా టైమ్ ఇచ్చినందుకు థ్యాంక్స్ చెప్పాను. పనిగట్టుకుని ఫోన్ చేసినందుకు వాడు చెప్పాడు. నా దగ్గర స్టాకైపోయింది. వాడు టాపర్ కదా, వాడి దగ్గర ఇంకా ఉంది. "మీటింగ్ గురువారమే కదండీ?" అన్నాడు. "అవునండీ, గురువారమే," అన్నాను. ఇద్దరం మళ్లీ వంగాం. నా ఫోన్ పెట్టె ఒక మూల గాల్లోకి వచ్చేసింది. మోకాలు అడ్డం పెట్టి ఆపాను. మోకాలు ఎత్తి మర్యాదగా మాట్లాడటానికి మార్కులేమైనా ఉన్నాయేమోనని షీటు చూశాను. లేవు.

ఇంత జరుగుతుంటే సెన్సే ఏం చేస్తున్నారంటారా? రాసుకుంటున్నారు! "చాలు" అని ఒక్క మాటంటే అయిపోయేది. ఏ భాషలో అన్నా మాకు అర్థమయ్యేది. ఆవిడ మాత్రం పేజీ తిప్పి మరీ రాస్తున్నారు. ఏం రాస్తున్నారో, మేము అన్నదే అంటుంటే!

అప్పుడు నిజం ఫోన్ మోగింది. సెన్సే మొబైల్. ఆవిడ తీసి, గట్టిగా, "మోషి మోషి!"

మొదటి ఏడాదంతా మా చేత 'మోషి మోషి' వల్లె వేయించి, రెండో ఏడాది అదే మాట ఆఫీసు ఫోన్లో వాడామని ఎర్రసిరాతో కొట్టేసింది ఈవిడే. సొంత ఫోన్లో ఎవరైనా అనొచ్చు, ఆ సంగతి నాకూ తెలుసు. అయినా మండింది.

మాట్లాడుతూ ఆవిడ బయటికెళ్లారు. గదిలో మేమిద్దరం, రెండు రిసీవర్లు.

"ఇంక పెట్టెయ్ రా," అన్నాను, కేగో అంతా పక్కన పెట్టి.

"చేసింది నువ్వు. నువ్వే పెట్టాలి."

"కస్టమర్‌వి నువ్వు!"

ఇంతలో తలుపు తీసుకుని తర్వాతి జంట లోపలికొచ్చేసింది. సెన్సే బయటికి వచ్చారంటే మా పని అయిపోయిందనుకున్నారట. అందులో ఒకమ్మాయి టెన్షన్‌లో ఉందేమో, నా చేతిలో రిసీవర్ లాక్కుని, హుక్కూ లేదు గిక్కూ లేదు, టప్పున పెట్టేసింది. నేను మోకాలు దించుకుని బయటికొచ్చాను.

మార్కులు ఈ ఉదయం పెట్టారు. 'ఫోన్ పెట్టేయడం' వరసలో ఇద్దరికీ సున్నా. కారణం, ఇద్దరిలో ఎవరూ పెట్టలేదట.

టాపర్ ఊరుకునే రకం కాదు. సెన్సేకి అప్పీలు మెయిల్ రాసి, ఇద్దరి పేర్లతో పంపుదామని నాకు చూడమని పెట్టాడు. మొదటి వాక్యంలోనే 'మీరు క్లాసులో చెప్పినట్టు' అన్న చోట ఒస్షారు వాడకుండా మోషియగేరు వాడాడు. అంటే సెన్సేని మాకంటే కింద కూర్చోబెట్టాడన్నమాట. బాగుంది, నా పేరు మాత్రం తీసేసి వెంటనే పంపెయ్యమన్నాను.