ఎత్తేసే ముందు లెక్క చూడాలి

అత్యవసర పరిస్థితి విధించడానికి నగరానికి ఒక్క సంతకం చాలు. ఎత్తేయడానికి చాలదు. ఆ ఒక్క ప్రకటనను పట్టుకుని ఎన్నో ఉత్తర్వులు పుట్టుకొచ్చి ఉంటాయి: అద్దెదారులను ఖాళీ చేయించకుండా రక్షణ, కాలిబాటల మీద హోటల్ బల్లలకు అనుమతి, టెండర్లు లేకుండా కొనుగోళ్లు, ఉద్యోగులకు ప్రత్యేక సిక్ లీవ్. ప్రకటన ముగిసిన రోజే కొన్ని రద్దవుతాయి, కొన్ని రెండు వారాలు నడుస్తాయి, కొన్ని ఏడాది సాగుతాయి. ఏది ఏ తేదీన పోతుందో, దాని స్థానంలో ఏముంటుందో ముందు ఒక పట్టికగా రాసుకోవాలి. ఆ పట్టిక చేతిలో లేని నగర పాలకులు తేదీ ప్రకటించకపోవడమే మేలు.

అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలోని లాస్ ఏంజెలెస్ అనుభవం చూడండి. 2020 మార్చి 4న మొదలైన కోవిడ్ ఎమర్జెన్సీని ఆ నగరం 2023 ఫిబ్రవరి 1న ముగించింది. అద్దెల విషయంలో జాగ్రత్తగా దిగింది. 2020 మార్చి నుంచి 2021 సెప్టెంబర్ వరకు పేరుకున్న బకాయిలు తీర్చడానికి 2023 ఆగస్టు 1 దాకా, ఆ తర్వాతి బకాయిలకు 2024 ఫిబ్రవరి 1 దాకా గడువిచ్చింది. సిక్ లీవుకు మాత్రం అంత ఓపిక చూపలేదు. పెద్ద సంస్థల ఉద్యోగులకు 80 గంటల వరకు జీతంతో సెలవిచ్చిన ఉత్తర్వు, ఎమర్జెన్సీ ముగిసిన రెండు వారాలకే చెల్లిపోయేలా రాసి ఉంది. అద్దెదారుకు ఏడాది, జ్వరంతో పడుకున్నవాడికి పక్షం రోజులు.

అయినా ఆ నగరంలో పెద్ద నష్టం జరగకపోవడానికి కారణం మహమ్మారికి ముందే ఉంది. ఏడాదికి 48 గంటల సిక్ లీవ్ ఇవ్వాలన్న నగర చట్టం అక్కడ 2016 నుంచే అమల్లో ఉంది. మిగతా కాలిఫోర్నియాలో చాలామందికి చట్టం హామీ ఇచ్చింది 24 గంటలే, అంటే 3 రోజులు. రాష్ట్రం ఇచ్చిన ప్రత్యేక కోవిడ్ సెలవు 2022 డిసెంబర్ 31తో ఆగిపోయింది.

అసలు తప్పు ఆ తర్వాత జరిగింది. పని ప్రదేశాల భద్రతను చూసే రాష్ట్ర సంస్థ కాల్-ఓషా 2020 నవంబర్‌లో తెచ్చిన నిబంధనల్లో రెండు భాగాలున్నాయి: పాజిటివ్ వచ్చిన ఉద్యోగిని పనిలోకి రానివ్వకూడదు, సాధారణంగా ఆ రోజుల జీతం ఆపకూడదు. 2023 ఫిబ్రవరి 3న వాటి స్థానంలో వచ్చిన కొత్త నిబంధనల్లో మొదటి భాగం మిగిలింది, కనీసం 5 రోజులు ఇంట్లోనే ఉండాలి. రెండో భాగం తీసేశారు. 5 పని దినాలు పోతే 40 గంటలు. చట్టం హామీ 24 గంటలు. మిగిలిన 16 గంటల జీతం ఎవరిచ్చినట్టు? ఇచ్చి తీరాలని ఆ నిబంధనలు ఎవరికీ చెప్పలేదు. అలాంటప్పుడు ఉద్యోగి చేసే పని ఊహించడం కష్టం కాదు, పరీక్ష చేయించుకోవడమే మానేస్తాడు. ఉన్న కేసులు కూడా లెక్కకు రావు.

హామీని 40 గంటలకు పెంచిన రాష్ట్ర చట్టం 2024 జనవరి 1న అమల్లోకి వచ్చింది. సరిగ్గా 8 రోజుల తర్వాత, జనవరి 9న, అదే రాష్ట్రం 5 రోజుల ఐసొలేషన్ నియమాన్ని సడలించింది. 5 రోజుల సెలవు వచ్చేసరికి 5 రోజుల అవసరం కాగితం మీద లేకుండా పోయింది! సెలవును ఒక శాఖ, ఐసొలేషన్‌ను మరో శాఖ విడివిడిగా చూసుకుంటే జరిగేది ఇదే. ఇంట్లో ఉండాల్సిన రోజులను, జీతం వచ్చే రోజులను ఒకే ఉత్తర్వులో కట్టేయాలన్నది మా మొదటి సూచన.

గంటల సంఖ్య పెంచితే సరిపోతుందనుకోవడమూ పొరపాటే. అక్కడి చట్టాల్లో సాధారణ లెక్క 30 గంటల పనికి 1 గంట సెలవు. 40 గంటలు కూడాలంటే 1,200 గంటలు పనిచేయాలి, పూర్తికాలం ఉద్యోగికి 30 వారాలు. వారానికి 20 గంటలు పనిచేసేవారికి 60 వారాలు. పైగా చేరిన 90వ రోజు దాకా వాడుకోవడానికే లేదు. ఎమర్జెన్సీ సెలవుకు ఈ నిరీక్షణ లేదు, అందుకే పనిచేసింది. ఏడాది మొదట్లోనే మొత్తం సెలవు ఖాతాలో వేసే పద్ధతిని చట్టం అనుమతిస్తోంది. నగరాలు కనీసం తమ సొంత సిబ్బందికైనా, ముఖ్యంగా పారిశుద్ధ్య కార్మికులకు, బస్సు డ్రైవర్లకు, దాన్నే పాటించాలి.

ముగింపు తేదీ దగ్గర పేరోల్ విభాగాలు తడబడే చోట్లు అందరికీ తెలిసినవే. ఆ తేదీకి సెలవులో ఉన్నవారిని మధ్యలో తెంచకూడదు. కాలిఫోర్నియా 2022 చట్టం మొదలుపెట్టిన సెలవును పూర్తిచేసుకోనిచ్చింది. ప్రత్యేక సెలవును పేస్లిప్‌లో వేరే వరుసలో చూపాలి, మామూలు సిక్ లీవ్ నిల్వలోంచి పొరపాటున కోసేసిన గంటలను తిరిగి జమ చేయాలి. వాడని ప్రత్యేక సెలవు నగదుగా మారదని ముందే రాతపూర్వకంగా చెప్పాలి. రికార్డులు కనీసం 3 ఏళ్లు ఉంచాలి, ఫిర్యాదులు ఆలస్యంగానే వస్తాయి.

ఖర్చు గురించి యజమానుల అభ్యంతరాన్ని కొట్టిపారేయలేం. 2020 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన అమెరికా ఫెడరల్ చట్టం 500 మంది లోపు సంస్థలు ఇచ్చిన కోవిడ్ సెలవు జీతాన్ని పన్ను రాయితీగా తిరిగిచ్చింది. తప్పనిసరి నియమం ఆ ఏడాది చివరితో, రాయితీ 2021 సెప్టెంబర్ 30తో ముగిశాయి. ఆ తర్వాత భారం ప్రధానంగా యజమానులదే. చిన్న సంస్థలకు నగరం ఏదో ఒక ఊతం ఇవ్వక తప్పదు.

శాన్‌ఫ్రాన్సిస్కో ఓటర్లు 2022 జూన్‌లో ఆమోదించిన ఆర్డినెన్స్ (నగర చట్టం) మాకు అన్నిటికంటే నచ్చింది. ప్రపంచవ్యాప్తంగా 100 మందికి పైగా సిబ్బంది ఉన్న సంస్థలు, ప్రజారోగ్య ఎమర్జెన్సీ వచ్చిన ఏడాదిలో 80 గంటల వరకు అదనపు సెలవివ్వాలి. మామూలు రోజుల్లో ఆ నిబంధన నిద్రాణంగా ఉంటుంది. గాలి నాణ్యత ప్రమాదకరంగా దిగజారిన రోజుల్లో, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్న ఆరుబయటి కార్మికులకూ అది వర్తిస్తుంది. ఎమర్జెన్సీని ముగిస్తున్న ఏ నగరమైనా ఇలాంటి ఆర్డినెన్స్ ముసాయిదాను ముగింపు తీర్మానంతో పాటే, అదే సమావేశంలో కౌన్సిల్ ముందు పెట్టాలి.