పసిబిడ్డ తల వాపుకి ఆముదం, సూది: ఆ వాట్సాప్ మాటలో ఎంత నిజం?

సిక్కోలు వైపు ఫోన్లలో తిరుగుతున్న మాట ఇది: పుట్టిన బిడ్డ తలమీద మెత్తటి వాపుంటే లోపల నీరు చేరినట్టేనట, అది డాక్టర్లు లాగడం వల్లే వచ్చిందట, ఆముదం వెచ్చజేసి రోజూ ఒత్తాలట, తగ్గకపోతే సూదితో తీయించాలట.

నీరు ఉన్న మాట నిజమే, కానీ అది పుర్రె లోపల కాదు, పైన చర్మం కింద. నొప్పులు ఎక్కువసేపు సాగినప్పుడు, అందులోనూ ఉమ్మనీరు ముందే పోతే, గర్భసంచి ముఖద్వారం తల చుట్టూ బిగుసుకుంటుంది. అక్కడ రక్తం వెనక్కి మళ్లక చర్మం ఉబ్బుతుంది. డాక్టర్లు దీన్నే క్యాపుట్ అంటారు. పుట్టినప్పుడే కనిపిస్తుంది, రెండు మూడు రోజుల్లో దానంతటదే దిగిపోతుంది.

లాగడం వల్లేనా? వాక్యూమ్, అంటే బిడ్డ తలకి గిన్నెలా అతికించి బయటికి లాగే పరికరం, పెడితే వాపు వస్తుంది, కాదనను. కానీ ఏ పరికరమూ తగలని మామూలు కాన్పుల్లోనూ వస్తుంది. మంత్రసానులు పురుడు పోసిన రోజుల్లో వాక్యూమ్ ఎక్కడుంది?

అసలు చిక్కు ఆముదంతో కాదు, ఒత్తడంతో. లాల పోసే పెద్దమ్మలు తల గుండ్రంగా రావాలని అరచేత్తో అదుముతారు. ప్రేమతోనే లెండి. కాన్పులో ఒకదానిమీదొకటి ఎక్కిన పుర్రె ఎముకలు కొద్దిరోజుల్లో వాటికవే సర్దుకుంటాయి, మన చేతి సాయం అక్కర్లేదు. పైగా కొందరు పిల్లల్లో ఆ వాపు నీరు కాదు, ఎముక పొర కింద చేరిన రక్తం. అది పుట్టిన కొన్ని గంటలకో మర్నాటికో తేలుతుంది, ఎముకల అతుకు దాటదు, కరగడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. దాన్ని సూదితో తీయబోతే క్రిములు చేరి చీము పట్టొచ్చు. ఆ రక్తం కరిగేటప్పుడు కామెర్లు పెరగొచ్చు కాబట్టి, కళ్లు, ఒళ్లు పచ్చబడుతున్నాయేమో చూస్తుండాలి.

ఆ సందేశంలో లేనిదే ప్రాణం మీదికి తెచ్చేది. ముఖ్యంగా వాక్యూమ్ కాన్పు తర్వాత, వాపు గంటగంటకీ పెరుగుతూ చెవుల వైపు, మెడ వెనక్కి జారుతూ, బిడ్డ పాలిపోయి, పాలు పట్టకుండా మగతగా ఉంటే నెత్తిచర్మం కింద రక్తం పోతున్నట్టు కావచ్చు. తెల్లారనిద్దామని పాలకొండలోనో పార్వతీపురంలోనో ఇంటికాడ కూర్చోవద్దు. 108కి ఫోన్ చేసి శ్రీకాకుళం రిమ్స్‌కో విజయనగరం ఘోషాసుపత్రికో, ఏది దగ్గరైతే అక్కడికి బయల్దేరండి. వాక్యూమ్ పెట్టిన సంగతి, వాపు ఎప్పట్నుంచి పెరుగుతోందో ముందే చెప్పండి.